పొగకి ఖరీదు

ఒమన్ ఉత్తర తీరాన్ని అల్ బాతినా అంటారు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు హజర్ కొండలు, నడుమ ఖర్జూరపు తోటలు. ఆ తీరం మీద మస్కట్‌కీ సోహార్‌కీ మధ్య ఉన్న ఊరు అల్ సువైక్. చేపల పడవలు, పాత కోట, తోటలు, వాటి పక్కనే ఎప్పుడూ ఏదో ఒక కట్టుబడి. గల్ఫ్‌లో కట్టుబడి ఉందంటే శ్రీకాకుళం మనిషి ఉన్నట్టే. ఇక్కడ వాదించుకుంటున్న ఇద్దరిలో పెద్దాయన కళింగపట్నం దగ్గరి మేస్త్రి. రెండోవాడు పాల్వంచ కుర్రాడు, రెడీమిక్స్ ప్లాంటులో క్వాలిటీ చూస్తాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా బాబాయ్ అని పిలుస్తాడు.

తగువు ఒక గోదాము నేల గురించి. సముద్రానికి దగ్గర. రాత్రి కాంక్రీటు పోశారు, తెల్లారేసరికి పగుళ్ళు. సిమెంటుతో పాటు నూటికి 8 పాళ్ళు సిలికా ఫ్యూమ్ కలిపిన మిక్స్ అది. సైటులో ఆ పేరెవరూ వాడరు, మైక్రోసిలికా అంటారు. మేస్త్రి అయితే ఉత్త పొడి అంటాడు, ఆ మాటలోనే ఆయన అభిప్రాయమంతా ఉంది.

మేస్త్రి: ఇలా రా. నిలబడి చూస్తే కనబడవు, వంగి చూడు. అన్నీ ఒకే వాలున పోయాయి, మూరెడు మూరెడు ఎడంలో. కమ్మీల వరసన లేవు. రాత్రి గాలి సముద్రం నుంచి కొట్టింది, ఇవేమో దానికి అడ్డంగా పడ్డాయి. గోరు పెట్టు, దిగుతుంది.

కుర్రాడు: చూశాను బాబాయ్. పచ్చిగా ఉన్నప్పుడే పడ్డ పగుళ్ళు. నేల బలానికి వచ్చిన లోటేమీ లేదు. ఎంత దిగినా అంగుళం, రెండంగుళాలు.

మేస్త్రి: బలం సంగతి నేనడిగానా? కమ్మీ ఎంత లోతులో ఉంది?

కుర్రాడు: రెండంగుళాల్లో.

మేస్త్రి: మరేటి? ఉప్పు లోపలికి దిగకూడదనే కదా ఆ పొడి కలిపారు. ఇప్పుడు దానికి దారి మీరే వేసి ఇచ్చారు.

ఈ ఒక్క మాటతో కుర్రాడు తగ్గుతాడనుకున్నాను. తగ్గలేదు.

కుర్రాడు: దారి పొడి వెయ్యలేదు. మామూలు కాంక్రీటు పోశాక కాసేపటికి నీళ్ళు పైకి తేలతాయి కదా, ఇందులో తేలవు. రేణువు అంత సన్నం. సిమెంటు రేణువులో నూరో వంతు. ఒక్క కిలో పొడిలో ఉన్న రేణువుల పైతలమంతా కొలిస్తే దాదాపు అయిదెకరాలవుతుంది. అదంతా తడవాలంటే నీళ్ళు అక్కడే పట్టుకుపోతాయి, పైకి తేలడానికి మిగలవు. అందుకే నీళ్ళు పెంచకుండా ప్లాస్టిసైజర్ పోస్తాం. పైన తడి లేకుండా గాలి పీలిస్తే చర్మం చీలుతుంది. చదరపు మీటరు మీంచి గంటకి కిలో నీరు ఆవిరయ్యేలా ఉంటే మామూలు కాంక్రీటుకి జాగ్రత్త పడమంటారు. సిలికా ఫ్యూమ్ ఉంటే అందులో సగానికే పడాలి. ఇవన్నీ మిక్స్ ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసి ఇచ్చాం.

మేస్త్రి: కాగితం ఎవరికిచ్చావు? నాకిచ్చావా?

కుర్రాడు: ఆఫీసుకి.

మేస్త్రి: ఆఫీసులో ఏసీ ఉంది. అక్కడేదీ ఆవిరవదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 మొదలు 3:30 వరకూ ఆరుబయట పని చేయించకూడదని ఒమన్‌లో నియమం ఉంది. ఎండ కాంక్రీటుకీ పడదు, పోసేటప్పుడు 32 డిగ్రీలు దాటకూడదని గల్ఫ్ దేశాల్లో చాలా కాంట్రాక్టుల్లో రాస్తారు. అంచేత నీళ్ళలో ఐసు వేసి రాత్రిపూట పోస్తారు. రాత్రి వేడి తగ్గుతుంది, గాలి తగ్గుతుందన్న హామీ లేదు. పనివాళ్ళు కూడా రాత్రికి సగమే ఉంటారు.

మేస్త్రి: అసలు ఇదెక్కడి సరుకు? మట్టా, రాయా?

కుర్రాడు: పొగ. నిజంగా పొగే బాబాయ్. మా పాల్వంచలో నవభారత్ ఫెర్రో అల్లాయ్స్ 1970లలో ఫెర్రోసిలికాన్ అనే మిశ్రమలోహంతోనే మొదలైంది. పటాన్‌చెరు దగ్గర రుద్రారంలోనూ ఫెర్రోసిలికాన్ కొలుములు ఉండేవి. మా నాన్న అలాంటి కొలిమి దగ్గరే పనిచేశాడు. పలుగురాయి, బొగ్గు, ఇనప తుక్కు వేసి కరెంటుతో 2,000 డిగ్రీల దాకా కాలుస్తారు. టన్ను సరుకుకి 8,000 నుంచి 9,000 యూనిట్ల కరెంటు కాలుతుంది. పలుగురాయిలోని సిలికా కొంత లోహంలో కలవకుండా ఆవిరై పైకి లేస్తుంది. పైన గాలి తగలగానే మళ్ళీ సిలికా అయిపోతుంది, తెల్లటి బూడిదరంగు పొగ. టన్నుకి రెండు మూడు వందల కిలోలు అలా పోతుంది. దాన్ని గుడ్డసంచుల ఫిల్టర్లలో పట్టి దులిపితే ఈ పొడి.

మేస్త్రి: పట్టకపోతే?

కుర్రాడు: ఊరి మీద పడుతుంది. ప్రపంచమంతా చాలాకాలం అలాగే వదిలేశారు. నార్వేలో, ట్రాన్‌హైమ్‌లో, 1950ల మొదట్లోనే దీన్ని సిమెంటులో కలిపి పరీక్షించారు, బాగుందన్నారు. కానీ పొగని పట్టే ఏర్పాటే లేనప్పుడు బాగుండి ఏం లాభం? 1970లలో గాలి పాడుచెయ్యకూడదని అక్కడి ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టింది. ఫిల్టర్లు వచ్చాయి, వాటితో పాటు గుట్టలూ వచ్చాయి. ఆ గుట్టల్ని ఎక్కడ పొయ్యాలో తెలీక మళ్ళీ పాత పరీక్షలు తిరగేశారు.

మేస్త్రి: అలా చెప్పు. పారబోయడానికి చోటు లేని చెత్తకి ఖరీదు కట్టి, సిమెంటుకి ఎన్నో రెట్ల ధరకి, ఎండలో ఉన్న మన నెత్తిన పెట్టారు.

కుర్రాడు: మిల్లువాడికి ఊక కూడా చెత్తే. అందులోనూ ఇదే సిలికా ఉంది. తిన్నగా కాల్చిన ఊక బూడిదలో నూటికి 85, 90 పాళ్ళ దాకా ఉంటుంది. బర్క్‌లీలో మన దేశస్థుడు పి.కె. మెహతా ఆ బూడిద మీద 1970లలోనే పనిచేశాడు.

మేస్త్రి: మరింకేం? మా జిల్లాలో అడుగడుక్కీ రైసుమిల్లే. నార్వే దాకా ఎందుకు పోవడం?

కుర్రాడు: తిన్నగా కాల్చాలి అన్నాను కదా. వేడి 700 డిగ్రీలు దాటిందంటే ఆ సిలికా గట్టి స్ఫటికమైపోతుంది, సిమెంటులోని సున్నంతో కలవదు. మిల్లు బాయిలర్ దగ్గర నిలబడి డిగ్రీలు ఎవడు చూస్తాడు? కొలిమి పొగకి ఆ బెడద లేదు. గాలిలోనే చల్లారిపోతుంది, స్ఫటికం కట్టే వ్యవధి దొరకదు. అందుకే ఒక కొలిమి నుంచి వచ్చేది ఎప్పుడు కొన్నా దాదాపు ఒకేలా ఉంటుంది. నూటికి 85 పాళ్ళు సిలికా లేకపోతే అమెరికా ప్రమాణం ఒప్పుకోదు. మన దేశంలోనూ 2003 నుంచి దీనికి ఐఎస్ 15388 ఉంది.

ఈ మాటల దగ్గర కుర్రాడికి ఊపు వచ్చింది. కాంక్రీటు వదిలేసి మిగతా వాడకాలన్నీ ఏకరువు పెట్టాడు. మేస్త్రి చాయ్ తాగుతూ ఊరుకున్నాడు. నాకు మాత్రం ఇక్కడే ఆసక్తి పుట్టింది.

కుర్రాడు: ఇక్కణ్ణుంచి సోహార్ వెళ్ళు. ఉక్కు ఫ్యాక్టరీ ఉంది, అల్యూమినియం ఫ్యాక్టరీ ఉంది. కరిగిన లోహాన్ని పట్టే కొలుములకీ బానలకీ లోపల కాంక్రీటు లాంటి పూతే వేస్తారు. పూర్వం అందులో నూటికి 15, 20 పాళ్ళు అల్యూమినా సిమెంటు పోసేవారు. సిమెంటులో సున్నం ఉంటుంది. మహా వేడికి ఆ సున్నం వల్లే పూత ముందు మెత్తబడుతుంది. ఈ పొడి రేణువుల మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది కాబట్టి నీళ్ళు తక్కువ చాలు, సిమెంటు 5 పాళ్ళకి తగ్గించొచ్చు. కొలిమి వేడెక్కాక ఇదే పొడి అల్యూమినాతో కలిసి ముల్లైట్ అనే గట్టి ఖనిజం కడుతుంది. అక్కడ వేడి దీన్ని చెడగొట్టదు, ఇంకా గట్టిపరుస్తుంది. నూనె బావుల్లో గొట్టం చుట్టూ పోసే సిమెంటులోనూ వేస్తారు, బరువు తగ్గించడానికి, కింది గ్యాసు పచ్చి సిమెంటులోంచి పైకి తన్నుకురాకుండా ఆపడానికి. సొరంగాల గోడకి కాంక్రీటు పిచికారీ కొడతారు చూడు, అది కిందికి రాలకుండా అతుక్కునేదీ దీనివల్లే.

మేస్త్రి: అక్కడంతా వాడుకోండి, ఎవడొద్దన్నాడు? కొలిమికి పూత వేసేవాడికి అదే పని. నూనె బావి సిమెంటు భూమిలో ఉంటుంది, దానికి ఎండ తగలదు, గాలి తగలదు. నా పని ఆకాశం కింద. దీన్ని తెచ్చి ఇక్కడ పరిచి, ఆరుగురు మనుషుల్నిచ్చి, కానివ్వు అంటే?

కుర్రాడు: ఆకాశం కింద పోసి నిలబెట్టినవీ ఉన్నాయి. పెన్సిల్వేనియాలో కింజువా ఆనకట్ట కింద నీళ్ళు దూకే తొట్టి అడుగు రాళ్ళు దొర్లి అరిగిపోతుండేది. ముందు ఉక్కు పీచు కలిపిన కాంక్రీటు వేశారు, అదీ అరిగింది. 1983లో సిలికా ఫ్యూమ్ కాంక్రీటు పోశారు. మన కైగా అణు కేంద్రంలో 1994 మేలో గుమ్మటం లోపలి పొర ఊడి పడింది కదా, తిరిగి కట్టినప్పుడు దీన్ని వేసిన ఎం60 కాంక్రీటు పోశారు. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా పునాది పైల్స్‌లో కూడా ఉంది. అక్కడి నేల నీళ్ళు ఇక్కడి కన్నా ఉప్పన.

మేస్త్రి: కైగా గుమ్మటం కాంక్రీటు బలం చాలక ఊడిందేటి?

కుర్రాడు: కాదు. లోపల బిగించిన తీగలు వంపు దగ్గర బయటికి లాగే లాగుడుని డిజైన్‌లో సరిగ్గా పట్టించుకోలేదు.

మేస్త్రి: అంటే తప్పు ఒకచోట, మందు ఇంకోచోట.

కుర్రాడు: డిజైన్ కూడా మార్చారు బాబాయ్. ఊరికే పొడి మార్చి ఊరుకోలేదు.

మేస్త్రి: సరే. మరి ఇక్కడి కోటలు చూశావా? ఒక్క సిమెంటు బస్తా పడలేదు. సరూజ్ అంటారు. మట్టిని ముద్దలు చేసి ఖర్జూరపు మొద్దుల మంటలో కాల్చి, దంచి, సున్నంలో కలిపేవారట. ఫలజ్ కాలవలకీ అదే పూత, నీరు కారదు. మన ఊళ్ళలో ఇటుక పొడి కలిపిన సున్నం ఉండేది కాదూ, అలాంటిదే. వందల ఏళ్ళు నిలబడ్డాయి.

కుర్రాడు: నువ్వు చెప్పేదీ నేను చెప్పేదీ ఒకటే. కాల్చిన మట్టిలోని సిలికా సున్నాన్ని పట్టుకుని గట్టిపడుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు కూడా కొంత సున్నం వృథాగా మిగిలిపోతుంది, దాన్ని ఈ పొడి పట్టుకుంటుంది. సరూజ్ చేసే పనే ఇది కొన్ని వందల రెట్లు సన్నగా, తొందరగా చేస్తుంది. ఇంకో సంగతి. కోట గోడలో కమ్మీ ఉందా? తుప్పు పట్టడానికి అసలు ఇనుమే లేదు. మనం ఇనుము పెట్టి కడుతున్నాం, అందుకే మనకి ఉప్పు భయం, కోటకి లేదు.

మేస్త్రి కాస్త ఆలోచించాడు. ఈ దెబ్బ తగిలిందని నాకనిపించింది. కోటల్ని చూపించి సిమెంటుని తిట్టేవాళ్ళు ఇనుము సంగతి దాటేస్తారు.

మేస్త్రి: ఉప్పు భయం ఎంతో చెప్పు చూద్దాం. 2021లో గులాబ్ తుపాను సెప్టెంబరు 26న మా కళింగపట్నం దగ్గర ఒడ్డెక్కింది. ఇంటికి ఫోన్ చేసి, అంతా బాగానే ఉన్నారనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అదే తుపాను దేశాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో దిగి, షాహీన్ అని పేరు మార్చుకుని, అక్టోబరు 3న ముసన్నా సువైక్‌ల మధ్య నా నెత్తినే దిగింది. నీళ్ళు తీశాక పడిన గోడలు చూశాను. నేను చూసినవి కాంక్రీటు చాలక పడినవి కావు. వాదీ, అదే కొండవాగు, నీరు పునాది కింద మట్టిని కోసుకుపోయింది. ఏ పొడి వేస్తే ఆగేది?

కుర్రాడు: ఆగేది కాదు. ఆ కోత వేరు, ఈ తినడం వేరు. తుపాను ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఉప్పు రోజూ వస్తుంది. ఈ తీరంలో తోటలకి నీళ్ళు తోడీ తోడీ సముద్రం నేల కిందనుంచి లోపలికి వచ్చేసింది. బావుల్లో నీరు ఉప్పనై చెట్లు ఎండిపోవడం నువ్వూ చూశావు. ఆ నీట్లోనే మన పునాదులు. ఉప్పు కమ్మీని చేరితే తుప్పు, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, పైన కాంక్రీటు పెచ్చులూడుతుంది. మా ల్యాబ్‌లో కాంక్రీటు బిళ్ళకి ఆరు గంటలు 60 వోల్టుల కరెంటు పెట్టి ఎంత పారిందో కొలుస్తాం. మామూలు మిక్స్ 4,000 కూలూంబులు దాటుతుంది. ఈ పొడితో 1,000 లోపు వస్తుంది. అంకెలు అబద్ధం చెప్పవు.

మేస్త్రి: ఆ బిళ్ళ కరెంటు పెట్టేముందు ఎక్కడుంది?

కుర్రాడు: నీళ్ళ తొట్టిలో.

మేస్త్రి: ఎన్నాళ్ళు?

కుర్రాడు: 28 రోజులు.

మేస్త్రి: నా నేల ఎన్నాళ్ళు నానింది? తాపీ పని అయ్యేసరికి తెల్లవారుజాము రెండు. గోనెలు లారీలోంచి దిగేసరికి ఆరు. నువ్వు కొలిచింది తొట్టిలో కాంక్రీటుని, గోదాము నిలబడేది నేల మీది కాంక్రీటు మీద. రెండూ ఒక ప్లాంటులో కలిపినవే, పెంపకం వేరు.

కుర్రాడు: అదే నేనూ అంటున్నది. పెంపకం సరిగ్గా చెయ్యండి. మీద సన్నగా మంచులా నీళ్ళు కొట్టాలి, గాలికి అడ్డం తెర కట్టాలి, ఫ్లోటు తిరిగిన చోట తిరిగినట్టే పాలిథీన్ కప్పుకుంటూ పోవాలి, ఆ తర్వాత వారం రోజులు తడి గోనె. ఇదంతా చెయ్యకుండా పొడిని నిందిస్తే ఎలా?

మేస్త్రి: ఎవరు చేస్తారు? రాత్రి నాకిచ్చింది ఆరుగురిని. పంపు గొట్టం దగ్గర ఇద్దరు, వైబ్రేటర్ ఒకడు, మట్టం చూడ్డానికి ఇద్దరు, ఫ్లోటు తిప్పేవాడొకడు. తెర ఎవడు కట్టాలి? మీ బస్తాకి బిల్లులో వేరే లైను ఉంది, క్యూబిక్ మీటరుకి ఇంత అని. నీళ్ళు పట్టడానికి లైనుందా? ‘రేటులో కలిసే ఉంది’ అని రాస్తారు. కలిసి ఉన్నదాన్ని ఎవడూ చెయ్యడు.

ఇది సువైక్ సంగతి మాత్రమే కాదు, మన ఊళ్ళలోనూ ఇంతే. ఇల్లు కట్టించేవాడు సిమెంటు కంపెనీ పేరు పదిమందినడిగి ఎంచుకుంటాడు. స్లాబుకి నీళ్ళు పట్టే పని మాత్రం వాచ్‌మన్ మీద వదిలేస్తాడు.

కుర్రాడు: నువ్వన్నది ఒప్పుకుంటా, కానీ దానివల్ల పొడి అక్కర్లేదని తేలదు బాబాయ్. మనుషులు కావాలని తేలుతుంది.

మేస్త్రి: నాకు రెండూ తేలాయి. గోదాము నేల పైన కప్పు ఉంటుంది. రేపు వాన పడదు, కింద ప్లాస్టిక్ షీటు పరిచాం, ఉప్పునీరు అంత తొందరగా రాదు. దీనికి స్లాగ్, అదే ఇనప కొలిమి చిట్టెం పొడి, కలిపిన మిక్స్ ఇవ్వు, ఇంత తొందరగా ఎండిపోదు, వేడీ తక్కువ. స్తంభాల పాదాలున్నాయి చూడు, అవి ఉప్పు నేలలో ఉంటాయి. వాటికి నీ పొడి ఎంతైనా వేసుకో. నాలుగు వైపులా షట్టరింగ్ ఉంటుంది, గాలి తగిలేది పైముఖం ఒక్కటే, దాని మీద పోసిన గంటకే తడి గోనె పరుస్తాను.

కుర్రాడు: అంటే పాదాలకి పొడి కావాలని నువ్వే అంటున్నావా?

మేస్త్రి: నేనెప్పుడు వద్దన్నాను? అన్నిటికీ ఒకే మందు పొయ్యొద్దంటున్నాను.

కుర్రాడు: స్లాగ్ మిక్స్ మొదటి రోజుల్లో నెమ్మదిగా గట్టిపడుతుంది, మీ వాళ్ళే షట్టరింగ్ తొందరగా విప్పాలని గోల చేస్తారు. పైగా ఒకే సైటుకి రెండు మిక్సులంటే ప్లాంటువాడు ఒప్పుకోడు. రెండిటికీ వేరే ట్రయల్స్, వేరే క్యూబులు, కన్సల్టెంటు సంతకం. కాంట్రాక్టులో ‘భూమిని తాకే కాంక్రీటు అంతటికీ మైక్రోసిలికా’ అని ఒకే వాక్యం ఉంది.

మేస్త్రి: ఆ వాక్యం రాసినవాడు సువైక్ చూశాడా?

కుర్రాడు: చూడకపోయినా తప్పు రాయలేదు. ఒక రాత్రి నేల పగిలిందని ఆ వాక్యం తీయిస్తే, రేపు పాదాల్లోంచి కూడా తీసేస్తారు. ఖర్చు తగ్గుతుందంటే ఎవరైనా ముందుకొస్తారు. నువ్వు అడిగినట్టు సగం తీసి సగం ఉంచడం ఎవరికీ రాదు. అందుకే నేను వదలను.

మేస్త్రి: వదలకు. ఈ పగుళ్ళ మీద రిపోర్టు ఇస్తావు కదా, ఏం రాస్తావు?

కుర్రాడు: పచ్చిదశలో కుంచించుకుపోయి పడ్డ పగుళ్ళు, క్యూరింగ్ ఆలస్యం, ఎపాక్సీతో పూడ్చాలి.

మేస్త్రి: ఆలస్యం అంటే ఎంతో కూడా రాయి. ఫ్లోటు ఎన్నింటికి ఆగింది, గోనె ఎన్నింటికి పడింది.

కుర్రాడు: రాస్తే నీ మీదకే వస్తుంది బాబాయ్.

మేస్త్రి: రానీ. దాని కిందే ఇంకో లైను కూడా రాయి, రాత్రి ఎంతమందిని ఇచ్చారో. అది రాయకపోతే మాత్రం నేను సంతకం పెట్టను.